మూడో ముడి

గొర్రెకుంట మలుపుకాడ
నా చిన్న ట్రాలీ వెనక ఇరుసు ఇరిగింది.
రాత్రి పదిన్నర. చేతులు జేబుల్నుంచి రాని చలి.
కాయితం మీద అది మోసేది ఏడు వందల యాభై కిలోలు.
నేనెక్కించింది ముప్పై రెండు బస్తాల మిర్చి,
బస్తాకు నలభై రెండు కిలోలు.
లెక్క నువ్వే జేసుకో,
నాకు ఇప్పటికీ జెయ్య మనసొప్పదు.

హమాలీ మొగిలి టైరు కింద రాయి పెట్టి
దాని పక్కనే కూసున్నడు తెల్లారేదాక.
"మూడేండ్ల సంది మూలుగుతనే ఉంది బండి,
నువ్వే పాటలు పెద్దగ పెట్టుకున్నవ్" అన్నడు.
ఇంకేం తిట్టలే.

కిస్తుల సంగతి స్వరూప చూసింది.
నెలకెంతని అడగలే, రోజుకెన్ని ట్రిప్పులని అడిగింది.
కరెంటు బిల్లు వెనక రాసింది:
ఏనుమాముల నుంచి కోల్డ్ స్టోరేజీకి రెండు,
టైల్స్ దుకాణానిది ఒకటి,
వానకాలం మూడు నెలలు సగం.
ఆ 'సగం' కింద రెండు గీతలు గీసింది.

నేను బస్తాలు కట్టే తాడు తీసుకున్న.
గిర్మాజీపేట సిమెంటు దుకాణం గల్లీల
మోరీ బండ నుంచి ఎదురింటి అరుగు దాకా పరిచి ఒక ముడి.
శివనగర్ అండర్‌బ్రిడ్జి కింద కట్టెకు కట్టి నిలబెట్టి,
వెనక హారన్లు మొత్తుకుంటుంటే, ఇంకో ముడి.
ఆ రాత్రి తాడు మొగిలికాడనే ఉండె.

ములుగు రోడ్డు షోరూంకు జాంగీర్ మేస్త్రీ వచ్చిండు.
టై కట్టుకున్న పిలగాడు టచ్ స్క్రీన్ చూపెడుతుంటే
మేస్త్రీ ఆ నున్నటి గచ్చు మీద ఎల్లెలకల పండి
బండి కిందికి జొచ్చిండు.
"ఒకటి, రెండు, మూడు..."
పట్టీలు లెక్కపెడుతున్న గొంతు
ఇంజన్ల నుంచి వచ్చినట్టు ఇనొచ్చింది.
"దీనికి ఏసీ ఉంది గని ఎన్నుపూస లేదు. పద."

రెండోది పదిహేడు అడుగుల డీసీఎం.
నిజం జెప్పాలె, నా పానం దాని మీదనే కొట్టుకున్నది.
మా బామ్మర్ది ఇంటి ముంగట ఆపి
రెండుసార్లు హారన్ కొట్టినట్టు గూడ అనుకున్న.
తాడు పరిస్తే గల్లీ ముడికాడనే ఓడిపోయింది.

మూడోది అందంగ లేదు.
మొద్దు మూతి, వెనక జంట టైర్లు,
కాజీపేటల ఊడబెరికిన రైలుపట్టా లెక్క చాసిస్.
"ఏడు," అన్నడు కింది నుంచి జాంగీర్. జర ఆగి,
"మీద సాయం పట్టీలు ఇంకో మూడు."
గల్లీ ముడికి జానెడు మిగిలింది.
బ్రిడ్జి ముడికి రెండు జానలు.

అప్పుడు దొరికింది, తాడు కొసకు దగ్గర్ల,
నేను ఎయ్యని మూడో ముడి.
తడిపి బిగించిన ముడి.
"మూడు ముళ్ళు పడ్డయంటే ఇగ పెండ్లే!" జాంగీర్ నవ్విండు.
నేను నవ్వలే.
కొసను కాలితోని తొక్కి తాడు నిటారుగ లాగిన.
ముడి వచ్చింది మొగిలి నడుం ఎత్తుకు.
డాలా దానికి నాలుగు వేళ్ళు మీద.

ఇరవై ఆరేండ్లు ఆ నడుం ఎక్కించిన బరువుకు
ఏ ఆర్సీలో గీత లేదు.

బండి అదే కొన్న. కొనకుంట ఉండలే.
బస్తాకు రూపాయి పెంచుత అన్న మొగిలితోని.
"రూపాయికి నాలుగు వేళ్ళు దిగుతదా?" అన్నడు,
ఎత్తిపొడిచినట్టు గాదు, నిజంగనే తెల్వక అడిగినట్టు.

పాత ట్రాలీకి కొత్త ఇరుసేపిచ్చి
నీళ్ళ క్యాన్ల పిలగానికి అమ్మిన.
తాళం చేతుల పెడుతూ జెప్పిన:
"ఏడు వందల యాభై. గంతే.
మూలిగితే పాట బంద్ జెయ్యి."

మార్కెట్ యార్డుల మూడో షెడ్డుకాడ ఒక గుంత ఉంది,
వానలకు కోసుకపోయి.
ఏండ్ల సంది దాన్ని తిట్టుకుంట తప్పిచ్చుకపోయేటోన్ని.
కొత్త బండికి ఏసిన దండ ఇంకా వాడలే,
రివర్స్ జేసి వెనక టైర్లు అండ్ల దింపిన.
మొగిలి వచ్చి డాలాకు నడుం ఆనిచ్చి సూసిండు.

"ఇంకో ఏలెడు," అన్నడు.

మళ్ళ గేరేసిన.