అడుగు లేని కాగితం

పోర్ట్‌లాండ్ రేవు నుంచి ఆఖరి ఫెర్రీ.
లాయరు ఓడీల్ థిబడో ఎదురు సీట్లో ఒక ముసలాయన
టాబ్లెట్ చదువుతున్నాడు. చదవడం కాదది,
బొటనవేలితో పేజీల్ని పైకి తోసేస్తున్నాడు,
పులుసులో కరివేపాకు పక్కకు నెట్టినట్టు.

జడ్జీలూ ఇంతేనేమో.

ఇంటికెళ్లి, కోటైనా విప్పకుండా
ఇస్త్రీ బల్ల మీద తన అప్పీలు తెరిచింది.
తను రాయనిదన్నట్టు చదివింది.
పాత తీర్పుల పేర్లు. ఇంకో తెర జరిపితే
మళ్లీ పాత తీర్పులే, ఏటవాలు అక్షరాల్లో.
సున్నం కొట్టిన గోడ మీద బల్లిలా చూపు జారిపోతోంది.
ఇంతకీ లాబ్‌స్టర్ పడవ మీది రాయిస్ బీల్ ఏడీ?

ముప్పై ఒకటో ఫుట్‌నోట్‌లో ఉన్నాడు,
చీమతలంత అక్షరాల్లో:
కుడి బొటనవేలు, వించ్‌లో.

పదకొండేళ్ల అలవాటు.
అడుగున పెడితే భద్రం అనుకునేది.
కాగితానికి అడుగుంటుంది. తెరకేదీ?

రాత్రి రెండింటికి మొదటి వాక్యం మారింది:
"రాయిస్ బీల్ చొక్కాకు గుండీలు పెట్టేది
ఇప్పుడు అతని కూతురు."

కింద ఒక లైను ఖాళీ వదిలింది.
తోసేసే వేలు
అక్కడ కాసేపు ఆగి
తనను తాను చూసుకుంటుందేమోనని.