కట్టు విప్పినాక

పొద్దన్నే ఏడింటికి, తిరుపతి కొర్లగుంటలో,
బేరాల్లేని పెండ్లి మండపం మేడ మీద
పన్నెండు మందిమి వెల్లకిలా పడుకోనుండాం.
పైన ఫ్యాను ఒకటే తిరగతా ఉంది.

జపాను నించి వచ్చినామె పేరు కనాయె.
అరవై దాటుంటాయి. గుండు.
ఇప్పుడే కొండ దిగొచ్చినట్టుంది.
ఒక మాట చెప్పి చానాసేపు ఊరుకుంటుంది.
ఆ మాటను నీరజాక్షి తెలుగులో పెడుతుంది:
"మీ కుడి మడమ కింద ఒక చీమ ఉంది.
అది చావకుండా లేచి నిలబడండి.
తొందరేం లేదు, మధ్యాహ్నం దాకా టైముంది.
ఈ ఆటను బుతో అంటారు."

నాకు నవ్వొచ్చింది.
చెంగల్రాయుణ్ణి నేను, ఇరవై రెండేండ్లు భారతం ఆడినోణ్ణి.
కిరీటం, భుజకీర్తులు, కాళ్ళకు గజ్జెలు,
తెల్లార్లూ ఎగిరితే లేచిన దుమ్ముకు
పెట్రోమాక్సు లైటే మసకబారేది.
మా ఆటలో నిదానంగా కదిలేది
టీ అమ్మే పిల్లోడొక్కడే.

పోయిన తిరణాలకు అర్జునుడి వేషంలో తపసు మాను ఎక్కినా.
మెట్టుకొక పద్యం.
పైనించి విభూది చల్లి, నిమ్మకాయలు ఇసిరి,
దిగతా దిగతా
ఇంక రెండే మెట్లుండాయనంగా కాలు జారింది.
"పాశుపతం దొరికింది, మోకాలు పాయె"
అనె మా హార్మోనియం మునెయ్య.

పుత్తూరు కట్టు.
ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు.
పెద్దాయన వేళ్ళు నా ఎముకను
చెవి పెట్టి విన్నట్టు విన్నాయి.
"కదపొద్దు" అన్నాడు.

నలభై అయిదు దినాలు నులకమంచం.
కట్టు లోపల దురద పుట్టి
మడమ కాడ బయల్దేరి మోకాటి దాకా నడిచేది.
రాత్రిళ్ళు ఎముక ఎముకను ఎతుక్కుంటా ఉండేది,
బాయిలో పడిన చెంబుకు పాతాళగరిగె ఏసినట్టు.
ఆట మానేసినా అనుకున్నా.

చీమ.
బరువు పక్కకు ఒరగాల.
తుంటి ఒప్పుకుంది, నడుము ఒప్పుకుంది,
మోకాలు ఒప్పుకోలా.
వణకతా ఉంది.
తుండుగుడ్డ కప్పి దాచబోయినా.
కనాయె వచ్చి పక్కన కూచుంది.
ఏమీ చెప్పలా.
నా మోకాటిని చూసి చూసి
తన చిటికెన వేలిని వణికించింది.
వణుకు మణికట్టుకు ఎక్కింది, భుజానికి, దవడకి.
చూస్తా ఉండంగానే ఆమె ముఖంలో
నా నులకమంచం, నా వెదురు దబ్బలు,
ఆ రాత్రిళ్ళన్నీ కనబడినాయి.

"మీ ఊర్లో అందరికన్నా నిదానంగా కదిలేది ఎవురు?"
అని అడిగిచ్చింది.
మట్టి దుర్యోధనుడని చెప్పినా.
ఆకరి దినం ఊరి బయట పండుకోబెడతాం, ముప్పై అడుగులు.
భీముడు తొడ పగలగొట్టినాక
జనం పిడికెడు పిడికెడు మట్టి తీసుకోని
గాదెల్లో ఏసుకుంటారు.
మిగిలింది వానకు కరగతాది. నెలో, రెండు నెల్లో.
దాన్ని ఆమె భాషలో చెప్పేదానికి
నీరజాక్షికి చానాసేపు పట్టింది.
కనాయె నేల మీద అరిచెయ్యి పెట్టింది.
పండుకో అని.

పండుకున్నా.
తొడలోంచి ఎవురో పిడికెడు తీసినారు.
నొప్పి లేదు.
గాజులు మోగినాయి, కొంగున మూట కట్టుకుంది,
చేని గట్టు మీద నడిచిపోతా ఉంది.
ఆమె ఎంబడి నేనూ కొంచిం పోతా ఉండా.

పన్నెండైంది. టిఫిను డబ్బాలు తెరిచిన వాసన.
"లెయ్యన్నా" అంటా ఉంది నీరజాక్షి.
ఉండు పాపా,
ఇంకా వాన రాలా.