లబ్ధిదారుల సంఖ్య

బేరేజి కాడ లాకులు దించేసిన వారం,
ఆదివారం ఆరాధన అయ్యాక
కానుక సంచి ఇంకా నా చేతిలో ఉండగానే
ఫిలేమోను అయ్యగారు చెప్పారు:
"శనివారం సంఘమంతా కాలవలోకి దిగుదామండి.
గుర్రపుడెక్క తీద్దాం.
నీళ్ళొదిలేలోగా శివారు దాకా దారి చేద్దాం."

ఆమెన్ అనాల్సిన చోట
ఫ్యాను ఒక్కటే కిర్రుమంది.

గోడవార చాప మీంచి జెబూలూను తాత లేచాడు.
"పిలిచారా అయ్యగారూ, పెద్దవీధోళ్ళు?"
"లేదండి. ఎవరూ పిలవలేదు."
"మా అయ్యని పిలిచేవోరు.
గట్టు మీద కుర్చీ ఏసుకుని కరణంగారు,
మొలలోతు బురదలో మా అయ్య.
కూలి లేదు. వెట్టి అనేవోరు దాన్ని.
తవరు సేవ అంటన్నారు.
బురద అదే కదండీ."

అయ్యగారిది చిన్న వయసు.
బైబిలు మూసి, తెరిచి, మళ్ళీ మూశారు.
వాక్యమేదీ దొరకలేదనుకుంటా.
తాత గుమ్మంలో చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

స్త్రీల సమాజం కార్యదర్శిని, పేర్లు రాసేది నేనే.
పంతొమ్మిది మంది రాయించుకున్నారు.
పదకొండు మంది వచ్చారు,
అందులో ఇద్దరు పులిహోర కోసం.

ఎండ ఇంకా కొబ్బరాకుల పైనే ఉంది.
దంతెలు, కొడవళ్ళు, గాలి కొట్టిన ట్రాక్టరు ట్యూబు,
జలగల కోసం ఉప్పు పొట్లాలు.
గుర్రపుడెక్క పువ్వు చూడ్డానికి ఎంత ముచ్చటో!
లాగితే తెలుస్తుంది.
ఒకదాన్ని లాగితే వెనకాల పాతిక
చేతులు పట్టుకుని వస్తాయి,
పిలవని పెళ్ళికి చుట్టాల్లాగా.

కింద నించి ఏమేం తేలాయంటే
రొయ్యల చెరువుల మందు డబ్బాలు,
ఒంటి గజ్జె,
ఎవరిదో ఎన్నికల ఫ్లెక్సీ.
నాలుగేళ్ళు బురదలో ఉన్నా నవ్వు చెరగలేదు.

మోటారు సైకిలాయన ఒకాయన ఆగాడు.
"ఉపాధి పనా? రోజుకెంతిస్తున్నారు?"
"చర్చి పనండి. ఏం ఇవ్వరు."
ఆయన నమ్మలేదు.
కాసేపు మా వంకా కాలవ వంకా చూసి
బండి స్టార్టు చేసుకున్నాడు.

దీనమ్మ నడుం పట్టుకుని
"దేవుడికి ఈపు నెప్పి తెలుసంటావా?" అంది.
"వడ్రంగి కదే" అన్నాను.

పదింటికి వచ్చాడు జెబూలూను తాత.
చేతిలో కొడవలి లేదు.
నెత్తి మీద ప్లాస్టిక్ కుర్చీ.
గట్టు మీద నాలుగు కాళ్ళూ కుదిరేదాకా
అటు జరిపి ఇటు జరిపి
కూర్చున్నాడు.
క్రిస్మస్‌కి కట్టే తెల్ల పంచె.

ఎవరమూ ఏమీ అనలేదు.
ఫిలేమోను అయ్యగారు మొలలోతు బురదలోంచి
తలెత్తి దణ్ణం పెట్టారు.

చాలాసేపు అలాగే ఉన్నాడు
కాలు మీద కాలు వేసుకుని,
దించి, మళ్ళీ వేసుకుని.
అలవాటు లేని కాలు.

తర్వాత చేతికర్ర ఎత్తాడు.
"అక్కడ కాదర్రా. ఆ తాడిమొద్దుకి ఇవతల, నాలుగు బారలు.
అడుగున రాతి తూముంటది.
మా అయ్య చెప్పేవోడు."

గంట తవ్వాక
గడ్డపార ఖంగుమంది.

నీళ్ళు జూన్లో వదిలారు, రాత్రి పూట.
మంచం మీంచే విన్నాను,
తూము గొంతు సవరించుకోవడం.

డయాసిస్‌కి పంపే రిపోర్టులో ఒక గడి ఉంటుంది:
లబ్ధిదారుల సంఖ్య.
ఇటు పేట, అటు పెద్దవీధి, శివారు ఇళ్ళు
వేళ్ళ మీద లెక్కేసి
ఎనిమిది వందల పధ్నాలుగు అని రాశాను.
పెన్నుకి మూత పెట్టాను.

మూత తీసి
పధ్నాలుగుని పదిహేను చేశాను.