బొగ్గు వడపోత

హామర్‌ఫెస్ట్‌లో సూర్యుడు సెలవు పెట్టి నెల దాటింది.
బట్టల అల్మారాలో నాలుగు టమాటా మొక్కలు,
ఊదారంగు దీపం, సందులన్నిటికీ టేపు.

తలుపు తీస్తే ఉక్క.
ఆకుల మీద చెమట, ఓ మూల బూజు.
పాత కంప్యూటర్ ఫ్యాను పీకి పైన బిగించాను,
కింద గాలికి అరచేయంత కంత.
అప్పుడు మొదలైంది వాసన.
ఆకు నలిపితే వేళ్ళకంటుకునే ఆ పచ్చి ఘాటు
మెట్లన్నీ దిగిపోయింది.

ఎవరేమంటారోనని
మేజోడులో బొగ్గు కూరి గొట్టానికి కట్టాను.
గాలి పోయింది, వాసన ఆగింది.
నాకు నేనే శభాష్.

మూడోనాడు కింది వాటా ఓడ్‌వార్ తలుపు తట్టాడు,
వలలు అల్లే ముసలాయన, నెలకో మాట మాట్లాడతాడు.
"మెట్ల మీద వేసవి ఉండేది,
ఎటు పోయింది?"

రాత్రి మేజోడు విప్పాను.
చేతులు నల్లగా.
ఫ్యాను గొణుగుతూనే ఉంది.