అంటు

గ్రీమ్స్‌పేటలో జెరాక్సు షాపు పైగది.
జూన్. ఫ్యాను తిరగతానే ఉండాది,
గాలే ఇంకా మెట్లెక్కలేదు.

గుజ్జు ఫ్యాక్టరీవాళ్లకి తెల్లారేసరికి ఒక బటన్ కావాల.
నొక్కితే ట్రాక్టరుకో నంబరు, నంబరుకో వేళ.
బైపాస్ పక్కన కాయల మీద మూడు రాత్రుళ్లు
కూర్చుని తెల్లార్చే మనిషికి
ఇంట్లో నిద్ర.

పేజీ కూడా చెట్టే.
తలకిందుల చెట్టు: వేరు పైన, చిగుళ్లు కింద.

బటన్‌ని పుట్టించినాను.
తోతాపురి ముక్కు కాడ మొదలయ్యే పసుపు పూసినాను,
మూలలు గుండ్రంగా చెక్కినాను,
నుదుట "టోకెన్" అని రాసినాను.
తెర మీద ఏమీ లేదు.
ఉండాది, అబద్ధం కాదు,
మెషీను జ్ఞాపకంలో, ఎవరికీ తగలకుండా,
బస్సు దిగి అడ్రసు మరిచిపోయిన మనిషి మాదిరి.

తల్లికొమ్మని పిలిచినాను. శూన్యం అని జవాబు.
పేరు సరిచూసి మళ్లీ పిలిచినాను. శూన్యం.
గంట పట్టింది తెలిసేదానికి:
నా పిలుపు పై వరసలో ఉండాది,
తల్లి ఇంకా కింది వరసలో పుట్టబోతా ఉండాది.

కింద పాస్‌బుక్కు జెరాక్సుకిచ్చి
ఎండ తాళలేక పైకొచ్చినాడు దొరసామి.
రెండెకరాల తోట ఆయనది. అంతకుముందు
దామలచెరువు నర్సరీలో ముప్పై ఏండ్లు అంట్లు కట్టిన చేతులు.
"ఏం చేస్తా ఉండావు పాపా?"
"పుల్లని చెట్టుకి కడతా ఉండా."
నవ్వలేదు. కుర్చీ లాక్కున్నాడు.
"కోసిన పుల్లకి దిగులెక్కువ. వాడేలోపల కట్టేయాల.
ఏటవాలుగా చెక్కి, పచ్చకి పచ్చ ఆనించి,
ప్లాస్టిక్ పట్టీ బిగించల్ల.
మద్దెన గాలి దూరిందా, పాయె."

తల్లి పుట్టిందాకా ఆగి, కట్టినాను.
ఆనింది. తెర మీద పసుపు.
ఇద్దరం కాసేపు దాన్నే చూసినాము.
"కాపెప్పుడు?"
"నొక్కినప్పుడల్లా."
"మాకు మూడేండ్లు పడతాది," అన్నాడు, కొంచెం గొప్పగానే.

ఫోనులో మేనేజరు: పైనొకటి, కిందొకటి పెట్టమ్మా.
అదే బటన్‌ని కింద కూడా కట్టినాను.
పైది మాయం.
చప్పుడు లేదు, తప్పని చెప్పే ఎర్రగీత లేదు.
పాత ఇల్లు ఖాళీ చేసి కొత్తింటికి పోయింది, అంతే.
"ఒక్క పుల్ల రెండు చెట్లకి ఎట్లంటుతాది మే?"
దొరసామికి ఇది వింతే కాదు.

సరే, నకలు తీసినాను.
అదే పసుపు, అదే గుండ్రం, అవే అక్షరాలు.
నొక్కితే పలకదు.
రూపం దిగింది, చెవులు దిగలేదు.
కింద షాపులో వెలుగు గీత
పాస్‌బుక్కు మీద జారతా ఉంటాది ఈపాటికి.
జెరాక్సులో సంతకం ఉంటాది, చెయ్యి ఉండదు.

చెవిని పిల్లల కాణ్ణించి తీసి తల్లికి పెట్టినాను.
ఇంక ఏ చిగురుని తాకినా
కదలిక రెమ్మకి, రెమ్మనించి కొమ్మకి
పైపైకి పాకతాది.
తాకింది ఎవర్నో తల్లికి తెలస్తాది.

నా ఫోను ఆయన చేతికిచ్చినాను.
మామిడి సొన కాల్చి నల్లబడిన వేలు
గాజుకి మొదటిసారి అర్థం కాలేదు.
పంచెకి తుడిచి మళ్లీ ఆనించినాడు.
రెండొందల పద్నాలుగు. రేపు పొద్దున ఏడున్నర.

నంబరు రెండుసార్లు చదువుకున్నాడు.
పేజీని పైకి తోసినాడు, కిందికి లాగినాడు,
కాయల కింద కాయలు వెతికినట్టు.
"రేటు యాడుండాది?"

దానికి వాళ్లు చోటు అడగలేదు.
అడగలేదని చెప్పినాను. తలూపినాడు.
కింద షాపతను కేకేసినాడు, జెరాక్సు అయిపోయిందని.

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగినాక
నంబరు కింద ఇంకో కొమ్మ కట్టినాను.
లోపల ఏమీ లేదు. తెర మీద కనబడదు.
పేరు మాత్రం పెట్టినాను,
ధర.