తరుగు

ఫస్టియర్ గట్టెక్కాలంటే ఒక వ్యాసం రాయాలట.
పన్నెండు వందల మాటలు. తగ్గితే తీసుకోరు.
మార్జిన్ ఇంచిన్నర, ఆధారాలు చివర,
శుక్రవారం సాయంత్రం అయిదులోపు
మూడో అంతస్తులో అట్టపెట్టెలో వెయ్యాలి.
నోటీసు బోర్డు అద్దంలో నా ముఖం పడి
నిబంధనలన్నీ నా నుదుటి మీదే అచ్చేసినట్టున్నాయి.

"నీకు తెలిసిన పని గురించి రాయి" అంది హైమవతి మేడం.
నాకు తెలిసిన పని ఒకటే.
ఫిషింగ్ హార్బర్ వెనక, రేకుల షెడ్డులో
అమ్మ రొయ్యలు వొలుస్తుంది.
ఇంటర్ సెలవుల్లో నేనూ పక్క పీట మీద కూర్చున్నాను,
రోజుకి తొమ్మిది కిలోలు దాటలేకపోయాను.
అదంతా ఒక్క రాత్రిలో రాసేశాను,
తెల్లారి బస్సు కొండెక్కుతుంటే మరోసారి చదువుకుని
బాగుందనుకున్నాను కూడా.

మేడం పెన్సిల్ తీసి పదకొండు చోట్ల సున్నా చుట్టింది.
పదకొండు 'నేను'లు.
"వ్యాసంలో నువ్వు కనపడకూడదమ్మా"
కోపంగా కాదు,
ఫుట్‌బోర్డు మీది వాళ్ళని కండక్టర్ లోపలికి జరగమన్నట్టు.

జరిగాను.

తెల్లవారుజామున రొయ్యలు దింపబడును.
మంచులో ఉంచబడును.
తలలు తీయబడును, తొక్క వొలవబడును,
కిలోల లెక్కన కూలి చెల్లించబడును.

చదువుకుంటే భయమేసింది.
షెడ్డులో ఎవ్వరూ లేరు.
ముప్పై పీటలూ ఖాళీ.
రొయ్యలు వాటంతటవే, చొక్కా విప్పుకున్నట్టు
తొక్క విప్పుకుని
వరసగా ట్రేల్లోకి నడిచిపోతున్నాయి.
మంచునీళ్ళలో నాని తెల్లబడ్డ ఆ వేళ్ళని
ఏ 'బడు' వెనక కూర్చోబెట్టను?

ఆధారాల పట్టీలో ఇంటిపేరు ముందు రాయాలట.
ఆ ఒక్క నిబంధనా మాకు పుట్టుకతో వచ్చిందే.
గరికిన నూకరత్నం, అని రాశాను.
సంవత్సరం దగ్గర ఆగిపోయాను.
పుట్టిందా, పనిలో చేరిందా,
పొయ్యి దగ్గర నాకిది చెప్పిందా?
పుట సంఖ్య లేదు. ముద్రణ ఒక్కటే, నేను.
స్థలం మాత్రం ధైర్యంగా రాశాను: విశాఖపట్నం.

శుక్రవారం మద్దిలపాలెం జిరాక్సు కొట్లో కరెంటు పోయింది.
నాలుగూ నలభైకి వచ్చింది.
కంప్యూటర్ లెక్క చెప్పింది: పదకొండు వందల ఎనభై ఏడు.
"వెయ్యేసెయ్, ఎవడు లెక్కపెడతాడు" అన్నాడు కొట్టు కుర్రాడు.
వేసేశాను, ఆయాసంతో.

లెక్కపెట్టారు.
సోమవారం తిరిగొచ్చిన కాగితం మీద
"పదమూడు మాటలు తక్కువ. సరిచేసి ఇవ్వండి."
ఎదురుగా 'నువ్వు' అనే మనిషి
కాగితం మీద 'అండి' అంటే
ఎందుకో ఎక్కువ సిగ్గేసింది.

రాత్రి అమ్మ నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుంటోంది.
"ఏటయిందే, అలగున్నావు?"
"పదమూడు మాటలు తగ్గాయమ్మా."
"తగ్గవేటి మరి? కంట్రాక్టరు కిలోకి వంద గ్రాములు
మంచు పేరు చెప్పి కొట్టీడా?
నాను ఏనాడన్నా అడిగానా?
తరుగు కింద రాసుకోమను మీ మేడాన్ని."
తన మాటకి తనే నవ్వింది.
చెక్క పక్కన పెట్టి, కాసేపటికి
"అడగాల్సింది గాని" అంది.

నాను.

సున్నా చుట్టింది 'నేను'కి.
ఈ మాట ఊసు నోటీసులో ఎక్కడా లేదు.
కాగితం వెనక్కి తిప్పి
వేళ్ళు మడుచుకుంటూ మొదలెట్టాను.

"ఇంకా ఎన్నే?" అంటోంది అమ్మ, దీపం ఆర్పడానికి లేచి.
పదమూడు ఎప్పుడో దాటిపోయింది.
చెప్పలేదు.