రోహిణిలో హీటర్

కాజ టోల్‌గేటు దాటాక
ముల్లు తొంభై దగ్గర నిలవనంది.
తొంభై అయిదు. నూట రెండు.
వెనక వంటింట్లో గిన్నెల గలగల.
పాత బస్సుని ఇల్లు చేసుకున్నవాళ్ళం,
ఇంజనుకి జ్వరమొస్తే ఇంటికొచ్చినట్టే.

ఏసీ కట్టేశాను.
స్పీకర్లో నాగుల్ మీరా:
"హీటర్ పెట్టన్నా, ఫుల్లుగా.
దాని వేడి కాస్త మీరూ పంచుకోండి."

రోహిణి కార్తె. బయట నలభై ఆరు.
హీటరు!
హైమ నావైపు చూసిన చూపుకి
డిగ్రీలు లేవు.
అయినా తనే తిప్పింది.
తువ్వాలు తడిపి నా మెడ మీద వేసింది,
గుంటూరులో నేనన్న మాటకి
పొద్దుట్నుంచీ పలకని మనిషి.

మంగళగిరి. తాడేపల్లి.
చెమటలో ఇద్దరం ఉడుకుతుంటే
వారధి మీద ముల్లు
ఒక్క గీత వెనక్కి తగ్గింది.
కింద కృష్ణ, నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ.

ఆటోనగర్లో మీరా రేడియేటర్ మూత మీద
తడి గోనె కప్పాడు.
"ఇప్పుడే తియ్యకూడదు. మీద పడుద్ది.
అరగంట ఊరుకోండి."

ఆ తర్వాత విప్పి తీశాడు థర్మోస్టాట్ని,
గారెంత ఇత్తడి బిళ్ళ,
తెరుచుకోవాల్సిన వేళ
బిగుసుకుపోయింది.

హైమ దాన్ని అరచేతిలో పెట్టుకుని
అటూ ఇటూ తిప్పి
నా చేతికిచ్చింది.
ఏమీ అనలేదు.

నేను రెండు నిమ్మసోడాలు చెప్పాను,
ఒకదాంట్లో ఉప్పు తక్కువ.